నిండు తవ్వ

ఆ ఇంట్లో తినేవాళ్ళు ముగ్గురు. ముగ్గురిలో ఒకడు అన్నం మానేశాడు. అయినా సరే వరహాలమ్మ ఇత్తడి తవ్వని బియ్యం డబ్బాలో ముంచి, పైన గోపురం లేచేలా తీసి, అరచేత్తో గీసి, చేటలో బోర్లించింది. కొడుక్కి సుగరని తెలిసిన రోజు నుంచీ ఆవిడ ఆ కొలత మార్చలేదు.

"కొంచెం తగ్గించత్తా. ఆయనకి రొట్టెలు సేత్తన్నాను కదా" అంది గౌరీశ్వరి, చోడిపిండిలో, అంటే రాగిపిండిలో, వేణ్ణీళ్ళు పోసి గరిటె కాడతో కలుపుతూ.

"మనిషి నిక్షేపంలాగ ఇంట్లో తిరుగుతుంటే తవ్వ తగ్గిత్తారేటే? మీ మావ పోయిన్నాడు తగ్గించేను. అదే ఆకరు. మళ్ళీ ఈ సేత్తో తగ్గించను."

దానికి ఎదురు చెప్పడం గౌరీశ్వరికి చేతకాలేదు. చెప్తే మొగుడు చావాలని కోరుకున్నట్టవుతుంది. మొదట్లో ఒకసారి మాత్రం, "పోనీ సగం బియ్యం, సగం చోడిపిండి పొయ్యి, తవ్వ నిండుగానే ఉంటాది" అని చూసింది. "తవ్వలో సోళ్ళు పోసే దరిద్రం నా కొంపకింకా రానేదు" అని అత్తగారు చేట విదిల్చి లేచిపోయింది. చోడంబలంటే ఆవిడ దృష్టిలో గంపలు మోసిన రోజుల తిండి. కొడుకు మిల్లులో క్రేను ఎక్కిన రోజే అది ఇంట్లోంచి దిగిపోయింది. డాక్టరు మళ్ళీ ఎక్కించాడు గనక ఊరుకుంది. అదైనా వేరే గిన్నెలో, వేరే పొయ్యి మీద, కొడుక్కి మందుగా మాత్రమే.

కాబట్టి ముగ్గురి బియ్యమూ ఉడికేవి. వరహాలమ్మ గుప్పెడు తినేది. మిగిలింది పారెయ్యడం ఆ ఇంట్లో తవ్వ తగ్గించడం కన్నా పెద్ద పాపం. కొడుకు ఎల్లారావు వంతు అన్నం ఏమవుతోందని ఎవరూ అడగలేదు. గిన్నె తోమే వేళకి ఖాళీగా ఉండేది, అంతే. మధ్యాహ్నం పులుసుతో, రాత్రి మాగాయతో, తెల్లారి గంజిలో నానిన మిగులు ఉల్లిపాయతో, గౌరీశ్వరి తన వంతూ మొగుడి వంతూ కూడా తినేది. ఎలమంచిలి నుంచి కూతురి అత్తారు పంపిన అరిసెలు, ఆయన్ని తినొద్దన్న అరటిపళ్ళు, ఆయన కాఫీలో మానేసిన పంచదార, అన్నీ ఆ ఒక్క కడుపులోకే చేరేవి. వస్తువు పాడవకూడదు కదా.

ఈ శుక్రవారం ఎల్లారావుకి మిల్లులో మెడికల్ పరీక్ష.

ఆటోనగర్ అవతల ఇనప చువ్వలు చేసే ఒక మిల్లులో అతను పై క్రేను నడుపుతాడు. షెడ్డు కప్పుకి ఆనుకుని ఉన్న అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని, ఎర్రగా కాలిన దిమ్మల్ని మనుషుల నెత్తుల మీదుగా దాటించే పని. ఒకసారి ఎక్కితే షిఫ్టు అయ్యేదాకా దిగడం కుదరదు. నిచ్చెన నిటారుగా ఉంటుంది, కింద వాళ్ళు హుక్కు కోసం చూస్తుంటారు. అందుకని క్రేను డ్రైవర్లు అన్నం క్యారేజీతో పాటు ఒక ఖాళీ సీసా కూడా పైకి పట్టుకెళ్తారు. మొన్న ఎండాకాలంలో ఎల్లారావుకి ఒక సీసా చాలలేదు. రెండు పట్టుకెళ్ళాడు, తరవాత మూడు. ఒకనాడు కళ్ళు మసకలు కమ్మి, దిమ్మని దించాల్సిన చోట కాక పక్కకి దించాడు. ఎవరికీ తగల్లేదు. కానీ మిల్లు డాక్టరు కృష్ణంరాజు గారు పెళ్ళాంతో సహా పిలిపించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో ఇతని మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం కాస్తా నారింజ రంగుకి తిరిగింది.

"నీలంగా ఉండాలమ్మా. మరీ అయితే ఆకుపచ్చ. ఇలా ఉంటే మాత్రం నేను పైకి ఎక్కనివ్వను" అన్నాడాయన, దీపం పక్కన స్టూలు మీద కూర్చున్న గౌరీశ్వరితో. వండేది ఆవిడ కాబట్టి ఆవిడకే చెప్పాడు. రోజూ తెల్లారి గంట నడిపించమన్నాడు. అన్నం తగ్గించి చోళ్ళూ, కూరలూ, చేపలూ ఎక్కువ పెట్టమన్నాడు. మళ్ళీ పిలిచినప్పుడు మూత్రం ఇంటి నుంచే సీసాలో తెస్తే కాచి చూస్తానన్నాడు. ఆ స్టూలుకీ ఆ దీపానికీ జానెడు దూరం. ఆవిడవి కూడా నాలుగు చుక్కలు కాచి చూద్దామని అక్కడెవరికీ తోచలేదు. ఆవిడకీ తోచలేదు.

క్రేను పోతే ఇంక తుక్కు యార్డే. అక్కడ చువ్వ ముక్క గుచ్చుకున్న సుగరు మనిషి ఒకాయనకి పాదం తీసేశారు, మల్కాపురం లైన్లలో ఆ సంగతి తెలియని వాళ్ళు లేరు. గౌరీశ్వరి పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి మిగతా వాళ్ళలాగా ఆయుష్షూ ఐశ్వర్యం అడగడం మానేసింది. ఒక రంగు అడుగుతోంది.

మంగళవారం తెలతెలవారుతుండగా మొగుడూ పెళ్ళాలు సింధియా రోడ్డెక్కారు. పోర్టు లారీలు రాల్చుకుంటూ పోయిన ఇనప రాయి ధూళి మంచుకి తడిసి, రోడ్డు వారంతా పారాణి పెట్టినట్టుంది. మొదట్లో ఎల్లారావుని చొక్కా పట్టుకుని లాగాల్సి వచ్చేది. "నాను దిమ్మనా, నువ్వు క్రేనువా" అని విసుక్కునేవాడు. ఇప్పుడతనే ముందు. పొట్ట లోపలికి పోయింది, మొహం తేటపడింది, కాన్వాసు బూట్లు టపటపలాడిస్తూ కొత్త పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు.

"నిన్న నిచ్చెన మద్దిలో ఆగకండా ఎక్కీసేను తెలుసా" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఆయాసం నేదు. రాత్రి పడుకుంటే ఒకటే నిద్ర. ఒక్క సీసాతో సరిపెట్టుకుంటన్నాను. ఒలే, ఎనకపడిపోతన్నావేటి?"

"మీకు బూట్లు కొన్నాం, నాకు పిన్నీసు కొన్నాం. అందుకని."

రబ్బరు చెప్పు వారు తెగితే ఆవిడ అడుగున పిన్నీసు గుచ్చి నెట్టుకొస్తోంది. ఆ పిన్నీసు బొటనవేలి పక్కన గీరి పుండు చేసింది. ధూళి చేరి పుండూ, పాదమూ ఒకే రంగులో ఉన్నాయి. నొప్పి లేదు గనక పట్టించుకోలేదు. నొప్పి ఉన్నా పట్టించుకునేది కాదేమో, అది వేరే సంగతి. వీధి కుళాయి కనిపిస్తే ఆగి దోసిలి పట్టింది.

"అక్కడ తాగినావు, ఇక్కడ తాగతన్నావు. ఒంటెవేటే?"

"ఎండగా ఉన్నాదండి."

"ఎండేదే? ఇంకా సూరీడే లెగనేదు."

మాట నిజమే. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని నడిచింది. కాళ్ళు తనవి కానట్టు, దూది కట్టినట్టు ఉన్నాయి. వయసనుకుంది. నలభై నాలుగు.

బుధవారం మధ్యాహ్నం పక్క వాటాలో ఉండే జమాలున్నీసా దగ్గరికి రెండు జాకెట్లు పట్టుకెళ్ళింది. జమాలున్నీసా ఇంట్లోనే మిషను కుడుతుంది, ఆ లైన్లో ఆడవాళ్ళ ఒంటి లెక్కలన్నీ ఆవిడ టేపుకి తెలుసు.

"మళ్ళీనా వదినా? మొన్నేగా లోపలికి కుట్టేను." టేపు గౌరీశ్వరి చుట్టూ తిప్పి బిగించింది. "అరె, ఇంకా లూజు. ఇంక లోపలికి కుడితే జాకెట్టుకి రెండు వీపులొస్తాయి."

"నడకమ్మా. ఆయన్ని నడిపించబోతే నాను సన్నబడ్డాను."

"అన్న సన్నబడితే ముఖంలో కళొచ్చింది. నువ్వు సన్నబడితే..." జమాలున్నీసా పిన్నులు పెదాల మధ్య పెట్టుకుని ఆగింది. తరవాత వాటిని ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. "మా అమ్మీ ఇలాగే అయిపోయింది, ఆకర్లో. తింటానే ఉండేది, తరిగిపోతానే ఉండేది. ఎవరికైనా సూపించుకో వదినా."

"ముందు ఆయన శుక్రవారం గట్టెక్కనీ."

"అన్న శుక్రవారం అన్నకుంది. నీకో వారం నేదా?"

గౌరీశ్వరి నవ్వి, మంచినీళ్ళడిగి రెండు గ్లాసులు తాగి వచ్చేసింది.

గురువారం పొద్దున్న వరహాలమ్మ బాత్రూంలోంచి కేకేసింది. ఆవిడ మామూలుగా కేకలేసే మనిషి కాదు, గొణిగే మనిషి. అందుకని ఎల్లారావు రొట్టె ముక్క చేతిలో ఉండగానే వెళ్ళాడు, గౌరీశ్వరి పిండి చేతులతో వెళ్ళింది.

తూము చుట్టూ చీమలు. నల్లటి బారు గోడ పగుల్లోంచి దిగి, సిమెంటు గచ్చు దాటి, తూము అంచున ముసురుకుని ఉంది. పెళ్ళివారి పందిట్లో కూడా అంత క్రమంగా బంతి కూర్చోరు.

"తగ్గనేదు" అంది వరహాలమ్మ. గోడ పట్టుకుని నెమ్మదిగా చతికిలబడింది. "నా కొడుక్కి తగ్గనేదు. మీ నాన్నకీ ఇలాగే సీమలొచ్చీవిరా."

ఎల్లారావు చీమల వంక చూస్తూ నిలబడ్డాడు. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

"కేంటీన్లో ఏటి తిన్నారు?" అంది గౌరీశ్వరి.

"ఏటీ తిననేదు."

"నిజం సెప్పండి. మిఠాయా? టీలో పంచదారా?"

"తిననేదంటన్నాను కదే." అతని గొంతు పెరగలేదు, విరిగింది. "గడ్డి తిన్నట్టు ఈ రొట్టెలు తిన్నాను. సీకట్లో లెగిసి కుక్కలు మొరుగుతుంటే నడిసేను. నాను దొంగతిండి తినే మనిషినేటే?"

కాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కూడా మిల్లుకెళ్ళేదాకా అతని చొక్కా జేబులు రెండుసార్లు తడిమింది. ఏమన్నా దొరికితే బాగుండునని ఉంది; దొరికితే రేపటికి మానిపించొచ్చు. బీడీ కట్ట తప్ప ఏమీ దొరకలేదు. తినకుండా కూడా తగ్గలేదంటే ఇంక చెయ్యడానికి ఏముంది? గచ్చు మీద బకెట్టుడు నీళ్ళు కొట్టింది. చీమలు కొట్టుకుపోయాయి. కాసేపటికి గోడ పగుల్లోంచి మళ్ళీ దిగాయి.

ఆ సాయంత్రం ఎల్లారావు బూట్లు విప్పి మంచం కింద లోపలికంటా తోసేశాడు. "తుక్కు యార్డులో బూట్లెందుకు" అన్నాడు. వరహాలమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. టీవీ పెట్టలేదు. గౌరీశ్వరి అందరి మొహాలూ చూసి, చెప్పక తప్పని మాట చెప్పింది.

"నాది పట్టుకెళ్ళండి."

"ఏటి?"

"సీసా ఇంటికాణ్ణించే తెమ్మన్నారు కదా. ఎవరి సీసాలో ఏటుందో వాళ్ళకేటి తెలుసు? నాది పట్టుకెళ్ళండి. నాకేటీ రోగం నేదు."

ఎల్లారావు పెళ్ళాం వంక కొత్తగా చూశాడు.

"ఆడదాని నీళ్ళని డాట్టరుకి తెలిసిపోదేటే?" అంది వరహాలమ్మ. తప్పని ఆవిడ అనలేదు. తెలిసిపోతుందేమో అని మాత్రమే అంది.

"రంగుకి ఆడా మగా ఉండదత్తా."

ఎల్లారావు కాసేపు తల గోక్కున్నాడు. తరవాత మంచం కింద చెయ్యి పెట్టి బూట్లు బయటికి లాగాడు. అదే ఒప్పుకోవడం.

శుక్రవారం పొద్దున్న నడక లేదు. గౌరీశ్వరి దగ్గు మందు సీసాని మరిగే నీళ్ళలో మూడుసార్లు ఉడికించింది, అందులో మందు తీపి ఏమన్నా మిగిలిపోతే కొంప మునుగుతుందని. సీసా నింపి, మూత బిగించి, కాగితం చుట్టి, క్యారేజీ సంచిలో నిలబెట్టింది. దానికి బొట్టు పెట్టాలన్నంత ఆత్రం కలిగింది. పెట్టలేదు.

"జాగర్తండి. ఒలకబొయ్యకండి."

"ఎర్రగా కాలిన దిమ్మల్నే ఒలకబొయ్యనేదు" అన్నాడు ఎల్లారావు. నవ్వాలని చూశాడు గానీ కుదరలేదు.

అతను వెళ్ళాక ఇంట్లో పని ఎంత చేసినా తరగలేదు, పొద్దు కదల్లేదు. గౌరీశ్వరి పప్పు గిన్నె తోమిందే తోమింది. అత్తగారు తవ్వ గీసి బియ్యం పోస్తే ఎసట్లో వేసి, వంకాయ పులుసు పెట్టి, గడప మీద కూర్చుని వీధి మలుపు చూసింది. చూపు ఆనలేదు. మలుపు దగ్గర ఎవరొస్తున్నా ఎల్లారావులాగే ఉన్నారు. లేచి మంచినీళ్ళు తాగింది. మళ్ళీ బాత్రూంకి వెళ్ళొచ్చింది. ఒంటిగంట దాటింది. నిన్న రాత్రి నుంచీ ఏమీ తినలేదన్న సంగతి కళ్ళు తిరిగితే గుర్తొచ్చింది. కంచం ముందేసుకుని కూర్చుంది. తన వంతు, మొగుడి వంతు, పైన పులుసు. మొదటి ముద్ద కలిపింది.

ఎల్లారావు బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుంది. సగం షిఫ్టు వదిలేసి, బస్సు కోసం ఆగకుండా నడిచొచ్చినట్టున్నాడు. ఆవిడ తలెత్తింది.

"రంగు మారిందా?"

అతను తలూపాడు. వంగి కంచం అంచు పట్టుకున్నాడు.

"ఇటియ్యి."

గౌరీశ్వరికి అంతా అర్థమైపోయింది. దొరికిపోయాడు. క్రేను పోయింది. ఇంక నియమాలెందుకని అన్నం మీద పడ్డాడు. ఆవిడ రెండు చేతులతో కంచం పట్టుకుంది.

"వద్దండి. ఇంత కష్టపడ్డారు, ఒక్క ముద్దతో పాడు సేసుకోకండి."

"వొదులే."

"వొదలను. యార్డైతే యార్డే. పేనాలతో ఉంటే సాలు. అన్నం మాత్రం ముట్టుకోనివ్వను."

ఇద్దరూ చెరో అంచు పట్టుకుని లాగారు. పులుసు గచ్చు మీద ఒలికింది. గుమ్మంలో వరహాలమ్మ నోటి మీద చెయ్యేసుకుని నిలబడింది. ఎల్లారావు మోకాళ్ళ మీద కూలబడ్డాడు గానీ కంచం వదల్లేదు.

"నాకు కాదే" అన్నాడు. "నువ్వు తినకు. నీకొద్దు."

ఆవిడ చేతులు అవే సడలాయి. అతను కంచాన్ని వెనక్కి, గోడ దాకా నెట్టేశాడు.

"ఇటికరాయి రంగొచ్చీసింది. నాది ఎప్పుడూ అంత రానేదు. డాట్టరు గారు గొట్టాన్ని సూసేరు, నన్ను సూసేరు. ఈ ఒంటికి ఈ రంగు రాదే అన్నారు. అక్కడే ఇంకో సీసా ఇమ్మన్నారు. ఇచ్చేను."

"అది?" అంది వరహాలమ్మ.

"నీలం. కాసినా నీలమే. ఆకుపచ్చ కూడా అవ్వనేదమ్మా." తను గెలిచిన సంగతి చెప్తూ అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. "మరి మొదటిదెవరిది ఎల్లారావ్ అనడిగేరు. మా ఆడదానిదని సెప్పీసేను."

కరెంటు లేక ఫ్యాను ఆగి ఉంది. పక్క వాటాలోంచి జమాలున్నీసా మిషను చప్పుడు వినిపిస్తోంది. వరహాలమ్మ చూపు మెల్లిగా బాత్రూం తలుపు వైపు తిరిగి అక్కడే ఉండిపోయింది.

"క్రేను?" అంది గౌరీశ్వరి.

"నీకు క్రేను కావాలేటే ఇప్పుడు? ఉన్నాది. రేపు పొద్దున్న నిన్ను తీసుకెళ్ళకపోతే మాత్రం ఈ దొంగపని మేనేజరుకి సెప్పి దింపిత్తానన్నారు. రక్తం సూడాలంట. కళ్ళు సూడాలంట. కాళ్ళకి పుండేటైనా ఉందా అనడిగేరు." అతను ఆగాడు. "నాకు తెల్దన్నాను."

ముందు నడిచిన మనిషికి వెనక నడిచే కాళ్ళు ఎలా తెలుస్తాయి? అతనే వంగి, ఆవిడ చీర అంచు పైకి జరిపి, కుడి పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎర్ర ధూళి కింద ఏముందో కనబడలేదు. వరహాలమ్మ పొయ్యి మీది వేణ్ణీళ్ళు చెంబులో తెచ్చి, గుడ్డ ముంచి, కోడలి బొటనవేలు తుడిచింది. ఆ ఇంట్లో కోడలి కాలు అత్తగారు ముట్టుకోవడం అదే మొదలు. గుడ్డ ఎర్రగా అయింది. తరవాత గోధుమ రంగుగా అయింది. ఆ తరవాత కనిపించిన రంగు నలుపు, వేలి పక్కన రూపాయి బిళ్ళంత.

"నీళ్ళు సురుక్కుమంటన్నాయా?" అని అడిగింది వరహాలమ్మ. తనకి చెయ్యి కాలుతోంది.

"వేణ్ణీళ్ళా అవి?" అంది గౌరీశ్వరి.

అత్తగారు చెంబు పక్కన పెట్టి, తడి గుడ్డ పిండి, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ పిండింది. ఎల్లారావు పాదాన్ని అలాగే పట్టుకుని, చల్లటి నీళ్ళ కోసం చుట్టూ వెతుక్కున్నాడు.

దీపాల వేళయింది. గౌరీశ్వరి గోడకి చేరబడి, కాలు పీట మీద చాపుకుని ఉంది. పొయ్యి దగ్గరికి లేవబోతే ఇద్దరూ ఒకేసారి కూర్చోమన్నారు. రేపు డాక్టరు బొటనవేలు తియ్యాలంటాడో, పాదం తియ్యాలంటాడో. తుక్కు యార్డు మనిషి వీధిలో చంకకర్రతో పోతుంటే తను ఎన్నోసార్లు గుమ్మంలో నిలబడి అయ్యో అంది. తనింట్లో అలాంటిది జరక్కుండా చూసుకోవాలని ఎంత జాగ్రత్త పడింది. సీసా కూడా మూడుసార్లు ఉడికించింది.

వరహాలమ్మ బియ్యం డబ్బా ముందు కూర్చుంది. తవ్వ ముంచింది, పైకి తీసింది, అరచేత్తో గీసింది. చేట మీద వంచబోయి ఆగింది. తరవాత చెయ్యి వెనక్కి తిప్పి తవ్వలో సగం బియ్యం డబ్బాలోకి పోసేసింది. గింజలు డబ్బా అంచుకి తగిలి చిటపటమని కింద రాలాయి. కొడుకు తల దించుకున్నాడు. తండ్రి పోయిన్నాడు ఆ చప్పుడు విన్నవాడతను.

ఆవిడ లేచింది. ఇంతకాలం వేలితో ముట్టని చోడిపిండి డబ్బా పొయ్యి పక్కనుంచి లాగి, మూత తీసి, గుప్పెట్లతో తవ్వలోకి పోసింది. పిండి బియ్యం సందుల్లోకి దిగిపోయింది. తవ్వని నేలకి తట్టి ఇంకొంచెం పోసింది. అదీ దిగింది. మళ్ళీ పోసింది, గోపురం లేచేదాకా. అప్పుడు అరచేత్తో గీసింది.

"నిండుగానే ఉన్నాది కదే?" అంది, కోడలి వంక చూడకుండా.

ఆ మాట గౌరీశ్వరి మొదటి వారమే చెప్పింది. ఇప్పుడు గుర్తు చెయ్యొచ్చు. ఆవిడ అత్తగారి అరచేతికి అంటిన పిండి చూసింది, దీపం వెలుతుర్లో అది బియ్యప్పిండో చోడిపిండో తెలియడం లేదు.

"నిండుగానే ఉన్నాదత్తా" అంది.

పీట మీద బొటనవేలు కదిపి చూసుకుంది. కదలడం కనిపించింది గానీ, తెలియలేదు.